నా పేరుతో పనిచేసిన యంత్రం

తొమ్మిదేళ్లు ఒక పెద్ద వ్యాపార గ్రూపు లెక్కల విభాగంలో పనిచేశాను. సిమెంటు, మందులు, హోటళ్లు, రవాణా - ఆ గ్రూపులో లేని కంపెనీ లేదు. కొన్ని సొంతంగా పెట్టినవి, కొన్ని ఇతరుల నుంచి కొన్నవి. అందుకే ఎక్కడి సాఫ్ట్‌వేర్ అక్కడిదే. ఒకదానిలోని లెక్క ఇంకొకదానిలోకి దానంతటది వెళ్లదు. చేరవేసింది మేమే. హాల్లో పద్నాలుగు మందిమి ఉంటే పన్నెండుమంది ఆడవాళ్లం, ఎక్కువమంది కాంట్రాక్టు మీద.

సరుకు బిల్లు ఈమెయిల్లో వస్తుంది. దాన్ని కొనుగోలు ఆర్డరుతో, గోడౌను రసీదుతో సరిచూడాలి. అకౌంట్సులో ఎక్కించాలి. నెలాఖరున అదే అంకెను హెడ్డాఫీసు సిస్టంలో మళ్లీ కొట్టాలి. పైవాళ్లు దీన్ని 'కాపీ పేస్ట్ పని' అనేవారు. కానీ ఒకే వ్యాపారికి నాలుగు కంపెనీల్లో నాలుగు కోడ్‌లున్నాయనీ, ఏ గోడౌను రసీదు ఆలస్యంగా వస్తుందో, ఎవరు ఒకే బిల్లును రెండుసార్లు పంపుతారో ఏ పుస్తకంలోనూ లేదు. అది మా బుర్రల్లో ఉండేది. ఇంటిపనిలాగే ఇది కూడా జరిగినంతకాలం ఎవరికీ కనిపించలేదు.

సాఫ్ట్‌వేర్లన్నీ మార్చాలంటే కోట్ల ఖర్చు, ఏళ్ల సమయం. అందుకని యాజమాన్యం 'బాట్'లను తెచ్చింది. బాట్ అంటే మాలాగే లాగిన్ అయి, అవే స్క్రీన్లు తెరిచి, ఒకచోట అంకెను తీసి ఇంకోచోట పెట్టే ప్రోగ్రాం. కన్సల్టెంట్లు రెండు నెలలు మా పక్కన కూర్చుని మా స్క్రీన్లు రికార్డు చేశారు. ప్రతి అడుగూ మా చేతే రాయించారు. విసుగు పని పోయి మంచి పని వస్తుందన్నారు. నమ్మాం. మెడనొప్పి, కళ్లమంటలు అనుభవించినదాన్ని, ఆ పని పోతే నాకేమీ బాధ లేదు.

కానీ పనితోపాటు మనుషులూ పోయారు. ఏడుగురి కాంట్రాక్టులు పొడిగించలేదు. మిగిలినవాళ్లకు బాట్ చేయలేక వదిలేసిన చిక్కు బిల్లులు మిగిలాయి. ఏ సాఫ్ట్‌వేర్‌లో స్క్రీన్ కాస్త మారినా బాట్ ఆగిపోయేది, మేం రాత్రిదాకా కూర్చునేవాళ్లం.

అన్నిటికీ మించి, బాట్‌కి నా లాగిన్ ఇచ్చారు. ఒక రాత్రి అది ఒకే బిల్లుకు రెండు కంపెనీల నుంచి డబ్బు చెల్లించింది. రికార్డులో నా పేరుంది కాబట్టి మెమో నాకొచ్చింది. ఆ సమయానికి నేను ఇంట్లో నిద్రపోతున్నానని హాజరు రికార్డుతో నిరూపించుకోవడానికి మూడు వారాలు పట్టింది. శ్రమ చేసినప్పుడు లేని గుర్తింపు తప్పు జరిగినప్పుడు దొరికింది!

చట్టం ఏమంటోంది? ఉద్యోగాల కోతకు దారితీసే యాంత్రిక మార్పులకు 21 రోజుల ముందు నోటీసివ్వాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2025 నవంబరు 21న దాని స్థానంలో అమలులోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఆ నోటీసును ఉంచింది. తొలగించిన కార్మికులకు 15 రోజుల వేతనంతో సమానమైన పునర్నైపుణ్య నిధినీ చేర్చింది. కానీ కాంట్రాక్టు గడువు ముగిసి వెళ్లిపోతే దాన్ని తొలగింపుగా లెక్కించరు. మా ఏడుగురూ ఆ దారినే వెళ్లారు. వాళ్లకు నోటీసూ లేదు, నిధీ లేదు.

1983లో బ్యాంకు ఉద్యోగ సంఘాలు యంత్రాల గురించి యాజమాన్యాలతో కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి. కాంట్రాక్టు స్త్రీల తరఫున అలా కూర్చునేదెవరు? మనమే అడగాలి. బాట్‌కి సొంత లాగిన్ ఉండాలి, దాని తప్పుకు ఒక అధికారి బాధ్యత వహించాలి. మా చేత రాయించుకున్న పని వివరాలకు నైపుణ్యంగా విలువ కట్టాలి. నోటీసు, శిక్షణ కాంట్రాక్టు వాళ్లకూ దక్కాలి.

మీ ఊళ్లో, మీకు తెలిసిన ఆఫీసుల్లో ఎవరినైనా 'నీ పని అడుగడుగూ రాసివ్వు' అంటున్నారేమో కనుక్కోండి. మాట్లాడాల్సింది ఆ రోజునే. మెమో వచ్చాక కాదు.