రాకెట్‌కు కావలసింది చప్పట్లు కాదు, ఆర్డర్లు

2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి విక్రమ్-ఎస్ ఎగిరిన రోజు మన వాట్సాప్ గ్రూపులన్నీ "మన హైదరాబాద్ కుర్రాళ్ళు" అంటూ మోగిపోయాయి. నేనూ పదిమందికి పంపాను. ఇస్రో ఉద్యోగాలు వదిలేసి పవన్ కుమార్ చందన, నాగ భరత్ డాకా 2018లో పెట్టిన స్కైరూట్, దేశంలో తొలి ప్రైవేటు రాకెట్‌ను ఎగరేసింది. గర్వపడాల్సిందే.

కానీ ఆ రాకెట్ 89.5 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళి బంగాళాఖాతంలో పడింది. అది పరీక్షా ప్రయోగం, అలా పడేలాగే తయారు చేశారు. ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలపాలంటే సెకనుకు సుమారు ఏడున్నర కిలోమీటర్ల వేగం కావాలి. అసలు వ్యాపారం మొదలయ్యేది అక్కడే, డబ్బు మంచినీళ్ళలా ఖర్చయ్యేదీ అక్కడే.

అమెరికాలో ఏం జరిగింది? స్పేస్‌ఎక్స్ ఫాల్కన్-1 వరసగా మూడుసార్లు విఫలమైంది. 2008 సెప్టెంబర్ 28న, నాలుగో ప్రయత్నంలో కక్ష్య చేరింది. ఆ డిసెంబర్‌లోనే అంతరిక్ష కేంద్రానికి 12 సార్లు సరుకు చేరవేయడానికి నాసా 160 కోట్ల డాలర్ల కాంట్రాక్టు ఇచ్చింది. అంతకుముందు 2006లోనే, పని పూర్తయ్యేకొద్దీ దశలవారీగా డబ్బిచ్చే ఒప్పందం కుదుర్చుకుంది. ప్రైవేటు ప్రతిభ అని మనం పొగిడేదాని వెనక సర్కారు అనే పెద్ద ఖాతాదారు ఉన్నాడు.

పన్నుల సొమ్ముతో ప్రైవేటువాళ్ళను మేపడమా అని కొందరు మిత్రులు అడుగుతారు. కాదు. 2006లో స్పేస్‌ఎక్స్‌తో పాటే ఎంపికైన రాకెట్‌ప్లేన్ కిస్లర్ పెట్టుబడి సమకూర్చుకోలేకపోతే 2007లో నాసా ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. మేపడానికీ కొనడానికీ తేడా అదే.

ఢిల్లీ 2020లో ఈ రంగాన్ని ప్రైవేటుకు తెరిచింది. 2024లో రాకెట్ల తయారీలో 49 శాతం దాకా విదేశీ పెట్టుబడికి ముందస్తు అనుమతి అక్కర్లేదంది. మంచిదే. కానీ తలుపు తెరవడం వేరు, సరుకు కొనడం వేరు.

ఇది మన సొంత విషయం కూడా. ఎగుమతి ఆంక్షల వల్ల హెచ్-1బి మీద ఉన్నవాళ్ళకు ఇక్కడి రాకెట్ కంపెనీల్లో చోటు దాదాపు లేదు. ప్రొపల్షన్‌లో ఎం.ఎస్. చేసిన నా మిత్రుడొకడు ఇవాళ బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ రాస్తున్నాడు. అతను తిరిగి వెళ్తే చేరడానికి అక్కడ ఒక కంపెనీ నిలబడి ఉండాలి కదా?

రాకెట్ తయారయ్యేది తెలంగాణలో, ఎగిరేది ఆంధ్రలో. రెండు రాష్ట్రాల నాయకులూ పెట్టుబడులంటూ ఇక్కడికొస్తూనే ఉంటారు. ఈసారి శాలువా కప్పి ఫొటో దిగేముందు ఒక్క మాట అడుగుదాం: పంటల లెక్కకూ తుపాను నష్టానికీ ఉపగ్రహ చిత్రాలు కావాలి కదా, మన రాకెట్ మీద ఎన్ని ప్రయోగాలకు ముందుగా ఆర్డరిస్తారు?