నేరానికి ముందు పుట్టే సాకు

నేరం చేసేవాడికి తప్పొప్పులు తెలియవనుకోవడం పొరపాటు. తెలుసు కనుకనే ముందుగా సాకు వెతుక్కుంటాడు. అమెరికా సామాజిక శాస్త్రవేత్తలు గ్రెషమ్ సైక్స్, డేవిడ్ మాట్జా 1957లో ఈ సాకులను ఐదు రకాలుగా గుర్తించారు: బాధ్యత నాది కాదు, ఎవరికీ నష్టం జరగలేదు, వాడికి తగిన శాస్తే జరిగింది, వేలెత్తి చూపేవారు మాత్రం నిర్దోషులా, నావాళ్ల కోసమే చేశాను. అమాయకుణ్ణి కొట్టి చంపే మూక చెప్పుకునేవీ ఇవే. ఆ మూకను చట్టం ముందు నిలబెట్టమని అడగడం మన హక్కు. అయితే 1961లోనే చట్టం నిషేధించిన కట్నాన్ని పుచ్చుకుని, "వారే ఇష్టపడి ఇచ్చారు" అని సరిపెట్టుకునే మన ఇళ్లలోనూ పలుకుతున్నది సాకే. వధువుకు మహర్ చెల్లించవలసిన వరుడు కట్నానికి చేయి చాచడమేమిటి? న్యాయం కోరే సమాజం సాకును మొదట తన గడపలోనే తిరస్కరించాలి.