తూప్రాన్‌కి 24 ముక్కలు

మొన్న దసరాకి తూప్రాన్ వెళ్ళాను. అక్కడ మా మేనమామకి ఎరువులు, విత్తనాల దుకాణం ఉంది. మందు డబ్బాల మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసింది రైతులు చదవలేరు, అడిగిన ప్రతివాడికీ చెప్పి చెప్పి మామకి విసుగు. "కంప్యూటర్లనే ఉంటవు గదా అల్లుడా, ఏదన్న జెయ్యి" అన్నాడు. సరే అని ఇంటర్నెట్ అక్కర్లేకుండా నడిచే చిన్న మోడల్ ఒకటి నా లాప్‌టాప్‌లో పెట్టి, ఆ లేబుళ్ళ సమాచారం దానికి అందించి చూపించాను.

ఇంగ్లీషులో అడిగితే జవాబు గడగడా వచ్చింది. అదే ప్రశ్న తెలుగులో అడిగితే బొట్టు బొట్టుగా కారుతోంది. మామ కాసేపు చూశాడు. "ఇంగ్లీషుల అడిగితే ఉరుకుతున్నది, తెలుగుల అడిగితే ఈడుస్తున్నదేందిరా?" అన్నాడు.

"లాప్‌టాప్ పాతది మామా" అన్నాను. అబద్ధం. రెండు భాషలకీ అదే లాప్‌టాప్ కదా!

అసలు సంగతి టోకెన్లలో ఉంది. ఇలాంటి మోడల్ జవాబు రాసేటప్పుడు ఒక్కో టోకెన్‌కీ నెట్‌వర్క్ మొత్తం ఒకసారి నడవాలి, అంటే బిలియన్ల గుణకారాలు. ఆ టోకెన్లని తయారు చేసేది చాలావరకు బైట్ పెయిర్ ఎన్‌కోడింగ్. ఫైళ్ళని కుదించడానికి 1994లో ఫిలిప్ గేజ్ ప్రచురించిన చిట్కా అది. తరచూ పక్కపక్కన వచ్చే జంటల్ని అతికించి ఒకే ముక్క చేస్తుంది. ఏవి తరచూ వస్తాయనేది మనం దానికి ఏ టెక్స్టు చూపించామో దాన్ని బట్టి ఉంటుంది. చూపించింది దాదాపు అంతా ఇంగ్లీషే అయితే తెలుగు జంటలు అతుక్కోవు, బైట్లుగానే మిగిలిపోతాయి.

మా ఊరి పేరే తీసుకోండి. తూ, ప్రా, న్: మనకి మూడక్షరాలు. యూనికోడ్ గుణింతాల్నీ పొల్లునీ విడదీసి 8 సంకేతాలంటుంది. యూటీఎఫ్-8లో ఒక్కోటీ 3 బైట్లు, కాబట్టి 24 బైట్లు. ఏ జంటా అతక్కపోతే 24 టోకెన్లు. ఇంగ్లీషు లిపిలో రాస్తే అధ్వాన్నమైన పరిస్థితిలో కూడా 7.

నేను ఊహించి చెప్తున్నానేమో అనుకోకండి. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేస్తూ ఓపెన్‌ఏఐ వాళ్ళే 20 భాషల పట్టిక ఒకటి పెట్టారు. ఒకే మాటలకి పాత టోకెనైజర్‌లో ఇంగ్లీషుకి 27 టోకెన్లు, హిందీకి 90, తెలుగుకి 159. ఆ పట్టికలో అందరికంటే ఎక్కువ మనదే, ఇదొక ఘనత :) కొత్తదాంట్లో ఇంగ్లీషు 24, తెలుగు 45. అంటే అంతకుముందు అదే మాట చెప్పడానికి దాదాపు ఆరింతల లెక్క. అటెన్షన్ భాగమైతే టోకెన్ల సంఖ్యకి వర్గంలో పెరుగుతుంది, అక్కడ ముప్ఫై ఇంతలు దాటుతుంది. ఈ మార్పుకి కొత్త చిప్పేమీ అక్కర్లేకపోయింది. పదకోశాన్ని సుమారు లక్ష నుంచి రెండు లక్షలకి పెంచి, వేరే భాషల్ని కూడా లెక్కలోకి తీసుకున్నారు, అంతే.

ఇప్పుడు నా గొడవ మనవాళ్ళతో. హైదరాబాదులో ఏ మీటింగుకి వెళ్ళినా జీపీయూ ధరలు, క్వాంటైజేషన్, ఫ్లాష్ అటెన్షన్. మంచివే, కాదనను. కానీ 16 బిట్లని 4 బిట్లు చేస్తే ఇంగ్లీషువాడికీ మనకీ సమానంగా తగ్గుతుంది, మధ్యలో తేడా అలాగే ఉంటుంది. మెట్ల ఎత్తు తగ్గించడానికి అందరూ పోటీలు పడుతున్నారు, మన మెట్లు ఎన్నో లెక్కపెట్టేవాడు మాత్రం లేడు. ఇందులో నేనూ ఉన్నాను. ఈ పనికే జీతం తీసుకుంటూ ఇన్నేళ్ళూ ఇంగ్లీషు వాక్యాలతోనే వేగం కొలిచాను.

"పదకోశం పెంచితే మోడల్ ఉబ్బుతుంది" అంటాడు మా టీములో ఒకాయన. లెక్క వేద్దాం. లామా 3లో 8 బిలియన్ల మోడల్ వెడల్పు 4096. దానికి 20,000 తెలుగు టోకెన్లు కలిపితే లోపలికి, బయటికి కలిపి సుమారు 16.4 కోట్ల పారామీటర్లు. మొత్తంలో రెండు శాతం! దానికి బదులు టోకెన్లు సగానికి తగ్గినా ఎవరు లాభపడ్డట్టు? అయితే తగిలించి వదిలేస్తే కుదరదు, కొత్త టోకెన్లకి తెలుగు టెక్స్టుతో మళ్ళీ శిక్షణ ఇవ్వాలి. అసలు శ్రమ అక్కడుంది, ఒప్పుకుంటాను. కానీ అసాధ్యమేం కాదు. బెంగళూరు సర్వం వాళ్ళు 2024 అక్టోబరులో తెచ్చిన రెండు బిలియన్ల సర్వం-1, తెలుగుతో సహా పది భారతీయ భాషల్లో మాటకి 1.4 నుంచి 2.1 టోకెన్లే తీసుకుంటుందని వాళ్ళే ప్రకటించారు.

ఇంకో వాదన ఉంది, నాకు ఒళ్ళు మండేది: "తెలుగుని ఇంగ్లీషు లిపిలో టైపు చేస్తే సరి." 2000ల్లో లేఖినిలో కుస్తీ పట్టి యూనికోడ్‌లో రాయడం నేర్చుకున్నది ఇందుకా? పైగా ఆ లిపిలో వరినీ వారినీ జనం ఒకేలా రాస్తారు. పురుగుమందు కొట్టేది వరికా, వారికా? మామ దుకాణంలో ఇది జోకు కాదు.

మీరు పనిచేసే మోడల్ ఏదైనా సరే, దాని టోకెనైజర్‌లో మీ ఊరి పేరు తెలుగులో వేసి చూడండి. ఎన్ని ముక్కలయ్యిందో కింద రాయండి. సంక్రాంతికి మళ్ళీ తూప్రాన్ వెళ్తున్నాను, ఈసారి మామకి నిజం చెప్పాలి.