‘రమోనా’ ఉత్త ప్రేమకథేనా?

(బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం)

ఒక నవల చదివి పదిమంది పది రకాలుగా మాట్లాడడం సహజమే. కాని పదిమందీ మాట్లాడిన తర్వాత కూడా నవలలోని అసలు విషయం ఎవరి నోటా రాకపోతే? ఆ తప్పు రాసినవాళ్ళదా, చదివినవాళ్ళదా? ఈ సందేహమే నా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది. నేను సాహిత్య విద్యార్థిని కాను. లాబులో లవణాలు పరీక్షించేవాడికి నవలల గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. నవ్వనీయండి. భూమిని నమ్ముకున్న ఇంట్లో పుట్టినవాణ్ణి గనుక ఈ నవల గురించి మాట్లాడే హక్కు నాకూ కాస్త ఉన్నదనుకుంటాను.

నవల పేరు ‘రమోనా’. రాసినామె హెలెన్ హంట్ జాక్సన్ అనే అమెరికన్ రచయిత్రి. 1884లో అచ్చయింది. ఈ ఏడాది మా హాస్టల్లో ఒకే ఒక్క కాపీ గది నుండి గదికి తిరిగింది. డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివినవాళ్ళు కొందరు, పక్కవాడితో కథ చెప్పించుకున్నవాళ్ళు కొందరు.

అమెరికా పడమటి సీమ కథలంటే మనకు వెంటనే గుర్తొచ్చేవి గుర్రాలు, తుపాకులు, వెడల్పాటి టోపీలు. 1971లో వచ్చిన ‘మోసగాళ్ళకు మోసగాడు’ నుండి మన తెలుగువాళ్ళకూ ఆ వేషం బాగా అలవాటే. ఆ కథల్లో భూమి ఎప్పుడూ ఖాళీగా పడి ఉంటుంది. ధైర్యవంతుడైన తెల్లవాడు బండి తోలుకొని వచ్చి దాన్ని సాగులోకి తెస్తాడు. ‘రమోనా’ చెప్పేది దానికి సరిగ్గా తలకిందులు. ఆ భూమి ఖాళీగా లేదు. అందులో ఇళ్ళున్నాయి, గోధుమ చేన్లున్నాయి, పశువులున్నాయి, సమాధులున్నాయి.

కథ క్లుప్తంగా ఇదీ. దక్షిణ కాలిఫోర్నియా 1848 వరకు మెక్సికో ఏలుబడిలో ఉండేది. యుద్ధంలో ఓడి మెక్సికో దాన్ని అమెరికాకు వదులుకున్నది. ఆ తర్వాతి కాలంలో, మొరెనో దొరసాని అనే స్పానిష్ వంశపు విధవ ఇంట్లో రమోనా పెరుగుతుంది. ఆమె తండ్రి స్కాట్లాండు వాడు, తల్లి ఆదివాసి. గొర్రెల ఉన్ని కత్తిరించే రోజుల్లో టెమెక్యులా అనే ఊరినుండి ఆదివాసుల ముఠా ఒకటి పనికి వస్తుంది. ఆ ముఠా పెద్ద అలెసాండ్రో. ఊరిపెద్ద కొడుకు, బాగా పాడతాడు, మంచి పనివాడు. ఇద్దరి మనసులూ కలుస్తాయి. దొరసాని ససేమిరా ఒప్పుకోదు. ఇంతలో టెమెక్యులా ఊరు ఊరంతా తెల్లవాళ్ళ పాలవుతుంది. అలెసాండ్రో తండ్రి ఆ దిగులుతోనే కన్నుమూస్తాడు. రమోనా ఇల్లు విడిచి అలెసాండ్రోతో వెళ్ళిపోతుంది.

ఇక అక్కడినుండి వాళ్ళ బతుకంతా వలసే. ఒక ఊళ్ళో ఇల్లు కట్టుకొని, పొలం దున్నుకుంటుంటే ఎవరో కలపతో బండి తోలుకొని వస్తారు. ఈ భూమి మాది, ప్రభుత్వం రాసిచ్చింది అంటారు. ఇల్లూ పొలమూ అయినకాడికి వదిలించుకొని ఇంకో చోటికి, అక్కడినుండి కొండల్లోకి పోతారు. పసిబిడ్డకు జబ్బు చేస్తే ప్రభుత్వ డాక్టరు అంత దూరం రానంటాడు. బిడ్డ చనిపోతుంది. అలెసాండ్రోకు అప్పుడప్పుడూ మతి తప్పుతుంటుంది. అట్లాంటి ఒకనాడు ఒక తెల్లవాడి గుర్రాన్ని తనదనుకొని ఇంటికి తోలుకొస్తాడు. ఆ తెల్లవాడు వెతుక్కుంటూ వచ్చి, గుమ్మం ముందే కాల్చి చంపుతాడు. ఆత్మరక్షణ కోసం కాల్చానంటే విడిచిపెడతారు. చివరకు దొరసాని కొడుకు ఫెలిపె రమోనాను వెతికి పట్టుకొని, పెళ్ళాడి, మెక్సికోకు తీసుకుపోతాడు.

దీని మీద మా హాస్టల్లో వచ్చిన అభిప్రాయాలు ముఖ్యంగా నాలుగు.

మొదటిది: “అబ్బ, ఎంత ఏడిపించిందిరా!” ఇది ఎక్కువమంది మాట. రెండవది ఇంగ్లీషు సాహిత్యం చదివే మిత్రుడిది. “ఇది కన్నీళ్ళ నవల. హీరో మరీ మంచివాడు, హీరోయిన్ మరీ అందగత్తె. కష్టాలన్నీ వరుసకట్టి వస్తాయి.” మూడవది అభ్యుదయ భావాల మిత్రుడిది. “తెల్ల దొరసాని జాలిపడి రాసిన పుస్తకం. పీడితుడు కూడా వయొలిన్ వాయిస్తూ, చర్చిలో పాడుతూ ఉంటేనే ఆమెకు జాలి కలిగింది.” నాల్గవది మా సైన్సు వాళ్ళదే. “ఎక్కడి కాలిఫోర్నియా, ఎప్పటి కథ! మనకెందుకు?”

వీటిలో ఏదీ పూర్తిగా అబద్ధం కాదు. రమోనా కళ్ళు నీలంగా ఉంటాయి. అంటే చదివే తెల్ల పాఠకురాలు ఆమెలో తనను తాను చూసుకోవడానికి రచయిత్రి వేసిన మెట్టు అది. స్పానిష్ దొరల ఇళ్ళనూ, క్రైస్తవ మిషన్లనూ బంగారు కాలంలాగా వర్ణించింది. ఆ మిషన్లలో ఆదివాసుల చేత నిర్బంధంగా పని చేయించుకున్న చరిత్రను దాదాపు వదిలేసింది. మూడవ మిత్రుడి మాటలో బలమున్నది, ఒప్పుకోవలసిందే.

కాని సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఈ కథను మా బాపుకు చెప్పాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, తెలుగే కూడబలుక్కొని చదువుతాడు. ప్రేమ సంగతి విన్నాడు, బిడ్డ చావు విన్నాడు, ఊ కొట్టాడు. అంతా అయిపోయినంక ఒక్కటే అడిగాడు: “గా భూమి ఎవని పేరు మీదున్నది బిడ్డా?”

హాస్టల్లో వారం రోజులు వాదించుకున్న మాలో ఒక్కరమూ అడగని ప్రశ్న అది! మా తాత రెండెకరాలు కొన్నప్పుడు తెల్లకాగితం మీద రాసుకున్నాడు. సాదా బైనామా అంటారు దాన్ని. ముప్పై ఏళ్ళు దున్నిన తర్వాత కూడా పహాణీలో ఇంకొకరి పేరే ఉన్నది. ఆ పేరు మారేదాకా మా ఇంట్లో ఎవరూ నిశ్చింతగా నిద్రపోలేదు. అందుకే బాపుకు నవల ఎక్కడున్నదో వెంటనే తెలిసింది.

నిజంగానే ‘రమోనా’ గుట్టంతా ఆ ప్రశ్నలోనే ఉన్నది. కాలిఫోర్నియా చేతికి వచ్చాక అమెరికా ప్రభుత్వం 1851లో ఒక చట్టం చేసింది. మెక్సికో కాలంనాటి భూములున్నవాళ్ళు ఒక కమిషన్ ముందు, రెండేళ్ళలోగా తమ హక్కు రుజువు చేసుకోవాలి. దొరలకు కాగితాలున్నాయి, వకీళ్ళున్నారు. అయినా చాలామంది ఖర్చులకే చితికిపోయారు. నవలలో మొరెనో దొరసాని భూములు కూడా తరిగిపోతాయి. మరి తరతరాలుగా అక్కడే ఉన్న ఆదివాసుల సంగతి? వాళ్ళలో చాలామందికి ఆ కమిషన్ సంగతే తెలియదు. గడువు దాటిపోయింది. వాళ్ళ ఊళ్ళున్న భూమి లెక్కలో ప్రభుత్వ భూమి అయింది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద వలస వచ్చిన రైతు 160 ఎకరాలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దున్నేవాడు ఒకడు, కాగితం ఇంకొకడికి!

టెమెక్యులా కల్పించిన ఊరు కాదు. 1875లో షెరీఫు వచ్చి అక్కడి జనాన్ని నిజంగానే వెళ్ళగొట్టాడు. అలెసాండ్రో చావు కూడా పూర్తి కల్పన కాదు. 1883లో హువాన్ డియేగో అనే ఆదివాసిని, గుర్రం విషయంలోనే, సామ్ టెంపుల్ అనేవాడు కాల్చి చంపాడు. ఆత్మరక్షణే అని అతన్ని వదిలేశారు.

జాక్సన్‌కు ఇవన్నీ ఎట్లా తెలుసు? 1879లో బోస్టన్‌లో ఆమె పోంకా తెగ నాయకుడు స్టాండింగ్ బేర్ ఉపన్యాసం విన్నది. ఆనాటినుండి ఇదే పని పెట్టుకున్నది. ప్రభుత్వం తప్పిన ఒప్పందాలన్నీ గుదిగుచ్చి 1881లో ‘ఎ సెంచరీ ఆఫ్ డిజానర్’ రాసి, కాంగ్రెసు సభ్యులందరికీ పంపింది. పెద్దగా చలనం లేదు. ప్రభుత్వమే ఆమెను కాలిఫోర్నియా ఆదివాసుల స్థితి విచారించమన్నది. అబట్ కిన్నీ అనే ఆయనతో కలిసి ఊరూరూ తిరిగి 1883లో నివేదిక ఇచ్చింది. దాని ఆధారంగా పెట్టిన బిల్లు ఆమె బతికుండగా గట్టెక్కలేదు. అప్పుడు నవల రాసింది. నివేదిక చదవనివాళ్ళు ప్రేమకథ చదువుతారు కదా! చేదు మందుకు బెల్లం పూయడమన్న మాట. నల్లవాళ్ళ బానిసత్వం మీద ‘అంకుల్ టామ్స్ కేబిన్’ చేసిన పనిలో కొంతయినా ఇది చేయాలని ఆమె ఆశ. 1885లోనే కేన్సరుతో చనిపోయింది.

ఇక పాఠకులేం చేశారో చూడండి. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే దక్షిణ కాలిఫోర్నియాకు కొత్త రైలుమార్గాలు పడుతున్నాయి. జనం రైళ్ళెక్కి రమోనాను వెతుక్కుంటూ వచ్చారు! జాక్సన్ కొద్ది గంటలు మాత్రమే చూసిన కములోస్ అనే రాంచో ‘రమోనా ఇల్లు’ అయింది. శాన్ డియేగోలో ఒక పాత ఇల్లు ‘రమోనా పెళ్ళి జరిగిన చోటు’ అయింది. కథలో పెళ్ళే కల్పితం, అయినా ఆ ఇల్లు చూడడానికి టికెట్టు! రమోనా పేరుతో ఊరు వెలిసింది. 1910 నుండి సినిమాలు వచ్చాయి. హెమెట్ అనే పట్టణంలో 1923లో మొదలైన రమోనా నాటకం దశాబ్దాల తరబడి ఏటేటా ఆడుతూ వచ్చింది.

అన్నిటికన్నా బాధ కలిగించే సంగతి ఒకటున్నది. చనిపోయిన హువాన్ డియేగో భార్య పేరు కూడా రమోనాయే, రమోనా లూబో. ‘అసలు రమోనా’ అంటూ యాత్రికులు ఆమె దగ్గరకు వచ్చి ఫోటోలు తీసుకునేవారు. 1922లో చనిపోయేదాకా ఆమె పేదరాలే. పుస్తకంలో విధవ కోసం కళ్ళు తుడుచుకున్నవాళ్ళు, ఎదురుగా ఉన్న విధవను కెమెరాలో బంధించుకొని వెళ్ళిపోయారు!

మా లాబు రికార్డులో మూడు గడులుంటాయి: ప్రయోగం, పరిశీలన, నిర్ధారణ. “తెల్లని అవక్షేపం ఏర్పడినది” అని రెండవ గడిలో రాసి, మూడవ గడి ఖాళీగా వదిలేస్తే మా సారు మార్కులు వేయరు. ‘రమోనా’ పాఠకుల్లో చాలామంది “కన్నీరు ఏర్పడినది” అని రాసి రికార్డు మూసేశారు. ఆ కన్నీరు దేనివల్ల వచ్చింది అన్న గడి ఖాళీగానే ఉండిపోయింది.

ఖాళీగా ఉండిపోతే కూడా పోనీ అనుకోవచ్చు. తప్పుగా నింపితే? 1887లో డాస్ చట్టం వచ్చింది. ఆదివాసుల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి తలా ఒక కమతం ఇస్తే వాళ్ళు బాగుపడతారన్నారు. దాన్ని సమర్థించినవాళ్ళలో ఆదివాసుల శ్రేయోభిలాషులమని చెప్పుకున్నవాళ్ళు, జాక్సన్ రచనలను మెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు. ఫలితం? 1887లో సుమారు 13 కోట్ల 80 లక్షల ఎకరాలున్న ఆదివాసుల భూమి, 1934 నాటికి 4 కోట్ల 80 లక్షల ఎకరాలకు పడిపోయింది. జాలి ఉంటే చాలదు. ఎవరిమీద జాలి పడుతున్నామో వాళ్ళను ఒక్కమాట అడగాలి. లేకపోతే జాలి కూడా గొడ్డలే అవుతుంది.

అయితే నవల ఉత్త వృథా అనను. 1891లో కాలిఫోర్నియా మిషన్ ఆదివాసులకు రిజర్వేషన్ భూములు కేటాయించే చట్టం వచ్చింది. దానికి పునాది జాక్సన్ నివేదిక, ఆ నివేదికకు నలుగురి చెవి పడేట్టు చేసింది ఈ ప్రేమకథ. క్యూబా స్వాతంత్ర్య యోధుడు, కవి హోసే మార్తీ దీన్ని స్పానిష్‌లోకి అనువదించి, 1888లో తనే అచ్చు వేయించుకున్నాడు. ఆయనకు ఇందులో రమోనా నీలికళ్ళు కనిపించలేదు, ఉత్తరాది బలవంతుడి ముందు నిలబడ్డ తన జాతి జనం కనిపించారు. అదే పుస్తకం! ఒకడు రైలు టికెట్టు కొనుక్కున్నాడు, ఒకడు తన దేశాన్ని చూసుకున్నాడు.

నవలలో రీ అత్త అనే ముసలామె ఉన్నది. టెనెసీ నుండి బండి మీద వలస వచ్చిన పేద తెల్లామె. పాత గుడ్డపేలికలతో తివాచీలు నేసుకొని బతుకుతుంది. ఆదివాసులంటే మొదట ఆమెకు భయం, రోత. రమోనా దంపతుల కష్టం కళ్ళారా చూసినంక ఆమె మనసు మారుతుంది. ఏడ్చి ఊరుకోదు. వాళ్ళ కోసం పని చేస్తుంది, ప్రభుత్వ ఏజెంటును నిలదీసి అడుగుతుంది. నా దృష్టిలో ఈ నవలకు సరైన పాఠకురాలు నవలలోనే ఉన్నది, ఆమె ఈ రీ అత్తే.

కాబట్టి నా నలుగురు మిత్రులకూ నా మనవి ఇదీ. ఏడ్చినవాడా, ఏడవడం తప్పు కాదు, కాని అక్కడే ఆగకు. మెలోడ్రామా అన్న మిత్రమా, శిల్పం తూచు, కాని తూకంలో సరుకు కూడా వెయ్యి. జాలి నవల అన్న మిత్రమా, నీ విమర్శ సరైనదే, అయితే ఆ జాలి వెనక ఊరూరూ తిరిగిన కాళ్ళున్నాయని కూడా రాయి. మనకెందుకన్న మిత్రమా, నీ ఇంట్లో పాసుబుక్కు ఎవరి పేరున ఉన్నదో ఒకసారి చూసి రా, తర్వాత మాట్లాడుకుందాం.

ప్రేమకథ చదవడం చిన్నతనం కాదు. అందులో ఇద్దరు మనుషులు కలిసి బతకాలంటే కాళ్ళకింద కాస్త నేల కావాలి. ఆ నేల ఎవరిది, ఎవరు లాక్కున్నారు, ఏ కాగితంతో లాక్కున్నారు అని అడిగే పాఠకుడు పుట్టిననాడే అట్లాంటి కథకు సార్థకత. ఆ పాఠకులు మన కాలేజీ లైబ్రరీలోనే ఎందుకు పుట్టకూడదు?