చెత్త ఏది, కానిది ఏది?

పండగ వస్తోందంటే ఇల్లు దులపడం మనకు ఆచారం. అటక మీది గంగాళాలు కిందికి దిగుతాయి, బూజుకర్ర గది గదికీ తిరుగుతుంది, విరిగిన కుర్చీలు భోగిమంటకు బయలుదేరుతాయి. ఇంత పనీ చేసిన ఇల్లాలు కూడా హాల్లో ఓ మూల బల్ల మీద కూర్చున్న కంప్యూటరు జోలికి వెళ్ళదు. మహా అయితే దాని మీద కప్పిన గుడ్డ ఉతికి ఆరేస్తుంది. లోపలి సంగతి అబ్బాయి చూసుకుంటాడని ధీమా. అబ్బాయేమో హైదరాబాదులోనో, డల్లాసులోనో ఉంటాడు.

ఆఖరికి ఒకనాడు యంత్రం మొరాయిస్తుంది. ఉత్తరం తెరవమంటే మనం కాఫీ తాగి వచ్చేదాకా తెరవదు. డిస్కు బొమ్మ పక్కన ఎర్రటి పట్టీ కనబడుతుంది. లోపల చోటు లేదని దాని భావం. అప్పుడు ఇంటిల్లిపాదీ కంగారుపడి చేసే పనులంటేనే నాకు భయం. చెత్త పేరుకున్నంత మాత్రాన కొంప మునగదు. తొందరపడి ఊడిస్తే మునగవచ్చు.

అంత పెద్ద డిస్కులో చోటెందుకు చాలదంటారా? 1956లో ఐ.బి.ఎం. కంపెనీ మొట్టమొదటి డిస్కు యంత్రాన్ని లోకానికి చూపించింది. రెండేసి అడుగుల వెడల్పు గల పళ్ళాలు 50, ఒకదానిపై ఒకటి. బీరువాను మించిన ఆకారం, టన్నుకు పైబడిన బరువు. అంతా చేసి అందులో పట్టింది సుమారు 50 లక్షల అక్షరాలు. ఇవాళ మన చేతి ఫోను తీసే ఒక మంచి ఫోటో ఒక్కటే ఆ బీరువాను ఇంచుమించు నింపేస్తుంది. అటువంటివి పెళ్ళికి వెయ్యి, బారసాలకు మూడువందలు తీస్తున్నాం. తెల్లవారుతూనే గులాబీపువ్వుతో సహా వచ్చిపడే శుభోదయాలు సరేసరి.

అయితే చెత్తంతా మనం పోసిందే కాదు. వంట చేసేటప్పుడు తొక్కలూ తొడిమలూ పక్కన కుప్పపడ్డట్టు, యంత్రం తన పనికోసం తాత్కాలికంగా కొన్ని కాగితాలు సృష్టించుకుంటుంది. పని అయ్యాక కొన్నిటిని పారవేయడం మరిచిపోతుంది. విండోసు పెద్ద మార్పు చెందినప్పుడల్లా తన పాత రూపాన్ని కూడా పక్కన దాచిపెడుతుంది, మనకు కొత్తది నచ్చకపోతే వెనక్కి పోవడానికి. పది రోజులు దాటాక దాన్ని తానే తీసివేస్తుంది.

వీటిని ఊడ్చే చీపురు విండోసులోనే ఉంది, కొనక్కరలేదు. సెట్టింగ్స్ తెరిచి, సిస్టమ్‌లో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ అన్నచోటికి వెళ్ళండి. ఏ సామాను ఎంత చోటు ఆక్రమించిందో లెక్కతో సహా కనిపిస్తుంది. తాత్కాలికపు ఫైళ్ళను నిర్భయంగా తుడిచివేయవచ్చు. బొమ్మల చిన్న నమూనాలు పోయినా చింత లేదు, కావలసినప్పుడు యంత్రం మళ్ళీ తయారు చేసుకుంటుంది. నెలకొకసారి చాలు.

ఆ జాబితాలోనే బుద్ధిమంతుడిలా చేతులు కట్టుకుని మరొక పేరు కూర్చుని ఉంటుంది: డౌన్‌లోడ్స్. నేను ఇవాళ కలం పట్టింది దీని గురించే. ఇది చెత్తకుప్ప కాదు, వీధి అరుగు. బయటినుంచి ఏది వచ్చినా ముందు దించేది ఇక్కడే. ఆధారు నకలు, అమ్మాయి మార్కుల జాబితా, పొలం కాగితాలు, మనుమరాలి బొమ్మ, అన్నీ అరుగు మీదనే ఉండిపోతాయి. లోపలికి చేర్చే ఓపిక ఎవరికి? 2018లో విండోసు వారు డిస్క్ క్లీనప్ అనే పాత చీపురు జాబితాలో దీన్ని కూడా చేర్చి, 2020లో మళ్ళీ తీసివేశారు. సెట్టింగ్స్‌లోని జాబితాలో మాత్రం ఇప్పటికీ ఉంది. మనం గుర్తు పెడితే తప్ప దాన్ని తుడవదు, అంతవరకు నయం.

మా వీధిలో ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారున్నారు. యంత్రం నత్తనడక నడుస్తోందని తెలిసిన కుర్రవాణ్ణి పిలిపించారు. అతను అరగంటలో అన్ని గడులలోనూ గుర్తులు పెట్టి, బుట్ట కూడా ఖాళీ చేసి, "చూడండి తాతగారూ, గుర్రంలా పరిగెడుతోంది" అని వెళ్ళిపోయాడు. నిజంగానే పరిగెత్తింది. రెండు రోజుల తరువాత ఆయన మా ఇంటికి వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, "మేష్టారూ, మా ఆవిడ పాట కనబడటం లేదండీ" అన్నారు.

ఆవిడ పోయి మూడేళ్ళయింది. ఒక శ్రావణ శుక్రవారం నాడు మంగళహారతి పాడుతూంటే ఎవరో ఆవిడ ఫోనులోనే పట్టారు. ఆ ఫోను పాడవుతూంటే పాటను కంప్యూటరులోకి దించారు, సరిగ్గా ఆ అరుగు మీదికే. కూతురు పంపిన ఫోటోలు కూడా అక్కడే ఉండేవి. అవి ఉత్తరాలలో ఉన్నాయి గనుక మళ్ళీ దొరికాయి. పాట దొరకలేదు. కుర్రవాణ్ణి అని ఏం లాభం? ఆ ఫైలు పేరు పది అంకెలు. అందులో ఆవిడ గొంతు ఉందని అతనికెల్లా తెలుస్తుంది?

సాధారణంగా మనం తీసేసింది రీసైకిల్ బిన్ అనే బుట్టలో పడుతుంది, అక్కణ్ణించి తీసుకోవచ్చు. షిఫ్టు మీట నొక్కి తీసేస్తే బుట్టలో పడదు. పెన్‌డ్రైవులో తీసేసినదీ పడదు. బుట్ట ఖాళీ చేసిన తరువాత కూడా, తిరిగే పళ్ళాల పాత డిస్కులైతే కొంత ఆశ ఉండేది. ఆ చోటు ఖాళీ అని రాసుకోవడమే తప్ప అక్షరాలను వెంటనే చెరిపేవి కావు. ఇప్పటి ఎస్.ఎస్.డి. రకం డిస్కులు ఖాళీ చోటును తమంతట తామే శుభ్రం చేసుకుంటాయి. హెడ్మాస్టరు గారిది ఆ రకమే.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నాకు తాటాకులు గుర్తుకొస్తాయి. తాటాకు గ్రంథాన్ని గుడ్డలో చుట్టి, చెక్కల మధ్య బిగించి, నూనె రాసి, అక్షరాలకు మసి పట్టించి మనవారు కాపాడుకున్నారు. ఎంత చేసినా చెదలూ, తేమా ఊరుకోవు. అందుచేత ఆకు శిథిలం కాకముందే కొత్త ఆకుల మీద నకలు రాయించేవారు. నన్నయ, తిక్కనల స్వహస్తపు ఆకు ఒక్కటీ మనకు దక్కలేదు. దక్కింది నకలుకు నకలు, దాని నకలు.

కాబట్టి చీపురు పట్టేముందు నకలు. విడి హార్డ్‌డిస్కు ఒకటి కొని, కావలసినవన్నీ అందులోకి ఎక్కించి, ఒకటి రెండు తెరిచి చూసుకుని, కంప్యూటరు పక్కన కాకుండా వేరే బీరువాలో పెట్టండి. మాకు వన్‌డ్రైవు ఉంది గదా అంటారేమో. అది అద్దం వంటిది; ఇక్కడ తీసేస్తే అక్కడా పోతుంది. దాని బుట్టలో 30 రోజులు ఉంటుంది, అంతే.

ఒక్క దెబ్బతో యంత్రాన్ని కొత్తది చేస్తామనే ప్రోగ్రాములు బజారులో బోలెడు. నేను వాటి జోలికి పోను. సీక్లీనర్ అనే పేరుమోసిన దానిలోకే 2017లో దొంగలు చొరబడ్డారు. కంపెనీ వారి సొంత విడుదలలోనే విషం కలిసి 20 లక్షలకు పైగా యంత్రాలకు చేరింది. అల్లాగే డిస్కును సర్దడమనే పాత పని, డీఫ్రాగ్ అనేది, తిరిగే డిస్కులకు కావలసిందే గాని ఎస్.ఎస్.డి.కి అక్కరలేదు. ఏ డిస్కుకు ఏది తగినదో విండోసు చూసుకుని తానే చేసుకుంటుంది.

ఇక మిగిలింది అసలు దుమ్ము. యంత్రం ఆపి, ప్లగ్గు ఊడదీసి, మెత్తటి కుంచెతో గాలి రంధ్రాలు తుడవండి. గాలి కొట్టి ఊదేటట్టయితే లోపలి ఫ్యాను రెక్క తిరగకుండా వేలుతో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది అదుపు లేకుండా తిరిగి పాడవుతుంది. తడిగుడ్డ పనికిరాదు. ల్యాప్‌టాపును పరుపు మీద పెట్టుకుని సినిమాలు చూసే పిల్లలకు మాత్రం విడిగా చెప్పాలి. పరుపు దాని ముక్కు మూసేస్తుంది, పాపం ఊపిరాడక ఫ్యాను రొప్పుతూ ఉంటుంది.