నిర్ణయం యాజమాన్యానిది, నింద గుమాస్తాదా?

బ్యాంకుల విలీనం అనగానే పత్రికలు కొత్త బోర్డులను, పెరిగిన వ్యాపార పరిమాణాన్ని వర్ణిస్తాయి. లక్షలాది ఖాతాలు ఒక కంప్యూటరు వ్యవస్థ నుండి మరొక దానికి ఏ విధంగా చేరుతున్నాయి, ఆ భారం ఎవరి భుజాలపై పడుతున్నది అన్న ప్రశ్న మాత్రం వారికి పట్టదు. ఆ ప్రశ్నను ఉద్యోగులమైన మనమే లేవనెత్తవలసి ఉన్నది.

2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ భారతీయ స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. 1923లో మచిలీపట్నంలో పుట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. 2025 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకుకు చెందిన తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరాయి. అదే సంవత్సరం మే 1న దాని ఆంధ్ర శాఖలు, చైతన్య గోదావరి, ఆంధ్ర ప్రగతి, సప్తగిరి బ్యాంకులు ఏకమై ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు అయ్యాయి. ఆ నాలుగు బ్యాంకులకు ప్రాయోజకులు కూడా నలుగురే. ఒక్క ప్రకటనతో చట్టం కలిపిన దానిని రికార్డులలో కలపడానికి దీర్ఘకాలపు శ్రమ కావాలి.

ఈ పనికి వాడే సాధనాలను ఇ.టి.ఎల్. అంటారు. పాత వ్యవస్థ నుండి సమాచారాన్ని వెలికితీయడం, కొత్త వ్యవస్థకు తగినట్లు మార్చడం, అందులో నింపడం అనే మూడు అంచెలివి. మొదటిది, చివరిది మోత పనులు. మధ్యది నిర్ణయం. మనవారి ఇంటిపేరు ముందు వస్తుంది. ఒక వ్యవస్థలో పూర్తి పేరు ఒకే గడిలో ఉండి, మరొక దానిలో రెండు గడులు ఉంటే, ఏది ఏ గడిలోకి పోవాలి? ఒకే ఊరిలో ఒకే పేరు, తండ్రి పేరు కూడా ఒకటే అయిన ఇద్దరు రైతులను ఒక మనిషిగా లెక్కించాలా, ఇద్దరుగానా? గడువు తేదీ లేని పాత అప్పుకు ఏ తేదీ వేయాలి? ఇవి సాంకేతిక ప్రశ్నల వేషం ధరించిన ప్రజల బ్రతుకు ప్రశ్నలు.

లెడ్జర్ల కాలంలో ఒక్క అంకె దిద్దినా అధికారి పొట్టి సంతకం ఉండి తీరవలసిందే. నేడు ఒక్క మార్పిడి సూత్రం రాత్రికి రాత్రే లక్షల పద్దులను మార్చివేయగలదు. దాని కింద ఎవరి సంతకం ఉన్నది? మర్నాడు మొత్తాలు సరిపోయాయని ప్రకటిస్తారు. ఒకరి సొమ్ము మరొకరి ఖాతాలో పడినా మొత్తం సరిపోతుందని లెక్కలు తెలిసిన ప్రతి గుమాస్తాకూ తెలుసు! సూత్రానికి లొంగని పద్దులు తిరస్కృత జాబితాగా శాఖకు వస్తాయి. వాటిని పనివేళల అనంతరం, సెలవు దినాలలో చక్కదిద్దవలసినది శాఖా సిబ్బంది. కౌంటరు ముందు ఖాతాదారుని ఆగ్రహానికి గురయ్యేదీ వారే.

ఇది ఊహాజనిత భయం కాదు. 2018 ఏప్రిల్‌లో బ్రిటన్‌లోని టి.ఎస్.బి. బ్యాంకు తన ఖాతాలను పాత యజమాని లాయిడ్స్ వ్యవస్థ నుండి నాటి స్పానిష్ యజమాని సబాడెల్ నిర్మించిన వ్యవస్థకు తరలించింది. ఖాతాల సమాచారం కొత్త వ్యవస్థకు చేరింది గాని, ఆ వ్యవస్థ భారాన్ని మోయలేక కుప్పకూలింది. దాదాపు 19 లక్షల మంది ఖాతాదారులకు తమ ఖాతాలు అందుబాటులో లేకుండా పోయాయి. పరిస్థితి పూర్తిగా కుదుటపడేసరికి డిసెంబరు వచ్చింది. 2022లో నియంత్రణ సంస్థలు ఆ బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా విధించాయి. 2023లో నాటి సమాచార విభాగాధిపతికి కూడా వ్యక్తిగతంగా జరిమానా పడింది. బాధ్యత పై అంతస్తులో ఉన్నదని అక్కడి నియంత్రణాధికారులే తేల్చారు. ఇక్కడ మాత్రం ఛార్జిషీటు కిందిమెట్టునే వెతుక్కోవడం ఏ న్యాయం?

కార్మిక సంఘాలు కంప్యూటర్లకు శత్రువులన్న పాత పాట మళ్లీ వినిపించవచ్చు. బ్యాంకు ఉద్యోగుల సంఘాలు 1983లోనే యాజమాన్యాల సమాఖ్యతో యాంత్రీకరణపై ఒప్పందం కుదుర్చుకున్నాయి. యంత్రాన్ని నాడూ కాదనలేదు, నేడూ కాదనడం లేదు. యంత్రం చాటున బాధ్యత నుండి తప్పించుకోవడాన్నే ప్రతిఘటిస్తున్నాము.

కనుక మన డిమాండ్లు స్పష్టం. ఖాతాల తరలింపుకు ముందే సంఘాలతో లిఖితపూర్వక ఒప్పందం జరగాలి. ఆ ఖాతాలతో ఏళ్ల తరబడి పనిచేసిన సిబ్బందిని మార్పిడి సూత్రాల రూపకల్పనలో భాగస్వాములను చేయాలి. ప్రతి సూత్రంపై ఆమోదించిన అధికారి సంతకం ఉండాలి. అన్ని శాఖలను ఒకేసారి తరలించక, కొన్నింటిలో పరీక్షించిన మీదటనే ముందుకు సాగాలి. మొత్తాలతో సరిపెట్టక ఖాతా ఖాతాకూ పోల్చి చూడాలి. అదనపు పనికి అదనపు వేతనం, కాంట్రాక్టు సిబ్బందికి సమాన రక్షణ కల్పించాలి. సూత్రదోషానికి ఏ ఉద్యోగినీ శిక్షించరాదు. పాత రికార్డులు శాఖలకు అందుబాటులో ఉండాలి.

ఇవి ఉద్యోగుల ప్రయోజనాలు మాత్రమే కావు. పొదుపు సంఘాల మహిళల సొమ్ము, పింఛనుదారుని నెలసరి బ్రతుకు, రైతు పంట రుణం ఈ మార్పిడి సూత్రాలకే కట్టుబడి ఉన్నాయి. ప్రతి శాఖలో ఈ డిమాండ్లను చర్చించండి. ఖాతాదారులకు వివరించండి. సంతకం లేని మార్పును అంగీకరించబోమని సంఘటితంగా ప్రకటించండి!