దెయ్యం సినిమాకు టికెట్ కొనేదెవరు?

సినిమా మార్కెటింగ్‌లో ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకి వెళ్లారనుకోండి. ‘మా దగ్గర ఒక హారర్ సినిమా ఉంది. పేరున్న హీరో లేడు, బడ్జెట్ తక్కువ. టార్గెట్ ఆడియన్స్ ఎవరు?’ అని అడిగారు. ‘యూత్ సార్’ అంటే సగం మార్కులు పోయినట్టే. ‘అందరూ సార్’ అన్నారంటే మొత్తం పోయినట్టే.

పెద్ద హీరో సినిమాకు మొదటి రోజు జనాన్ని ఆ పేరే రప్పిస్తుంది. చిన్న హారర్‌కు ఆ వెసులుబాటు లేదు. నిర్మాతలు ఈ జానర్ వైపు వచ్చేదే తక్కువ ఖర్చు కోసం. ఇక ప్రచారానికి మిగిలేది ఎంత? ఉన్న కొద్ది డబ్బూ సరైన మనిషి దగ్గరికే చేరాలి. ఆ మనిషి ఎవరో కనిపెట్టడమే మీకు జీతమిచ్చే పని.

ఈ పనికి ‘పేరానార్మల్ యాక్టివిటీ’ మంచి పాఠం. ఒరెన్ పెలి అనే వీడియోగేమ్ ప్రోగ్రామర్ తన సొంత ఇంట్లోనే దాదాపు 15 వేల డాలర్లతో తీసిన సినిమా ఇది. 2009 సెప్టెంబరులో పారామౌంట్ సంస్థ దీన్ని దేశమంతా ఒకేసారి వదల్లేదు. ముందు 13 కాలేజీ ఊళ్లలో అర్ధరాత్రి ఆటలు వేసింది. ట్రైలర్‌లో దెయ్యం కన్నా ఎక్కువగా చూపించింది హాల్లో ఉలిక్కిపడుతున్న ప్రేక్షకులను. ఆ తర్వాత ‘మీ ఊరికి సినిమా కావాలా? అడగండి’ అంటూ ఆన్‌లైన్‌లో ఓట్లు తీసుకుంది. పది లక్షల మంది అడిగితే దేశమంతటా విడుదల చేస్తామంది. అక్టోబరులో ఆ అంకె దాటింది. చివరికి ప్రపంచవ్యాప్తంగా 19 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది.

కాలేజీ ఊళ్లే ఎందుకు? హారర్‌కు ఒంటరిగా వెళ్లేవాళ్లు తక్కువ. గ్యాంగ్‌లో ఒకడు ‘పదండ్రా’ అంటాడు, మిగతా నలుగురూ వెంట నడుస్తారు. ఆ నలుగురిలో ఇద్దరికి దెయ్యం సినిమాలంటే ఇష్టమే ఉండకపోవచ్చు, భయపడలేదని చెప్పుకోవడానికి వస్తారు. అంటే మీరు ఒప్పించాల్సింది అయిదుగురిని కాదు, ఆ ఒక్కడిని. ఓట్ల పద్ధతిలో ఇంకో లాభం ఉంది: ఏ ఊళ్లో ఎంత ఆసక్తి ఉందో ముందే తెలిసిపోతుంది. బుక్‌మైషోలో ‘ఇంట్రెస్టెడ్’ బటన్ నొక్కినవాళ్ల సంఖ్య ఈరోజు మీ ఫోన్‌లోనే కనిపిస్తుంది. కాకపోతే బటన్ నొక్కడానికి డబ్బు అక్కర్లేదు, టికెట్‌కు కావాలి. ఆ రెండింటికీ మధ్య తేడా ఇంటర్వ్యూలో చెప్పగలిగితే మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు.

మన దగ్గర లెక్క కొంచెం వేరు. ‘అరుంధతి’ (2009)ని పోస్టర్ మీద నిలబెట్టింది దెయ్యం ఒక్కటే కాదు, జేజమ్మ కూడా. ‘ప్రేమ కథా చిత్రమ్’ (2013), ‘గీతాంజలి’ (2014) లాంటి హారర్ కామెడీలకు ఇంటిల్లిపాదీ వెళ్లొచ్చు. చేతబడి, ఊరి నమ్మకాల చుట్టూ తిరిగే ‘విరూపాక్ష’ (2023) లాంటి సినిమాకు పిలవాల్సిన జనం వేరు. ఈ మూడింటికీ ‘హారర్’ అని ఒకటే ట్యాగ్ పెట్టి ఒకే రకం రీల్స్ వదిలితే మాత్రం డబ్బు వృథా. కామెడీ సినిమాను నిఖార్సైన హారర్‌లా అమ్మితే భయం కోసం వచ్చినవాడు ఇంటర్వెల్‌కే ఫోన్ తీసి తిట్టడం మొదలుపెడతాడు.

సెన్సార్ సర్టిఫికెట్ సంగతి చాలామంది అభ్యర్థులకు తట్టదు. ‘ఏ’ వస్తే 18 ఏళ్లు నిండనివాళ్లకు హాల్లోకి ప్రవేశం లేదు. ‘విరూపాక్ష’కు వచ్చింది ‘ఏ’నే. అలాంటి సినిమాకు జూనియర్ కాలేజీలో ప్రమోషన్ ఈవెంట్ పెడితే కేకలు వినిపిస్తాయి గానీ టికెట్లు తెగవు. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమందికి పద్దెనిమిది నిండవు కదా! డిగ్రీ, ఇంజినీరింగ్ కాలేజీలకు వెళ్లాలి. 2024 నిబంధనలతో ‘యూఏ’ కూడా 7, 13, 16 ఏళ్ల చొప్పున మూడు మెట్లయింది. అవి తల్లిదండ్రులకు సూచనలే, గేటు దగ్గర ఆపడానికి కాదు. మీ ప్లాన్‌లో ఈ ఒక్క వాక్యం ఉన్నా, మీరు ఊహల్లో కాకుండా నేల మీద ఉన్నారని అవతలివాళ్లకు తెలుస్తుంది.

ఓటీటీని శత్రువుగా చూడటం పాత ఆలోచన. ‘మా ఊరి పొలిమేర’ 2021లో నేరుగా హాట్‌స్టార్‌లో వచ్చింది. దాని రెండో భాగం 2023 నవంబరులో థియేటర్లకు వెళ్లింది. మొదటి భాగాన్ని ఇంట్లో చూసి, క్లైమాక్స్ దగ్గర ఆగిపోయిన ప్రేక్షకుడే రెండో భాగానికి టార్గెట్. హిందీలో ‘తుంబాడ్’ మరీ విచిత్రం. 2018లో విడుదలైనప్పుడు వచ్చినదానికన్నా, 2024 సెప్టెంబరు రీరిలీజ్‌లో ఎక్కువ వసూలు చేసింది. సినిమా మారలేదు. మధ్యలో ఆరేళ్లపాటు ఒకరికొకరు చెప్పుకుంటూ ప్రేక్షకులు తయారయ్యారు.

ఈ రంగంలోకి వెళ్లాలంటే ఫలానా డిగ్రీయే ఉండాలని లేదు. రాబోయే తెలుగు హారర్ సినిమా ఒకటి ఎంచుకోండి. టికెట్ బుక్ చేసే ఆ ‘ఒక్కడు’ ఎవరు, ఏ ఊళ్లో ఉంటాడు, రాత్రి పదకొండుకు ఫోన్‌లో ఏం చూస్తాడు, సర్టిఫికెట్ మారితే మీ ప్లాన్‌లో ఏం మారుతుంది... ఒకే పేజీలో రాయండి. సినిమా వచ్చాక మీ అంచనా ఎక్కడ తప్పిందో దాని కిందే రాసి పెట్టుకోండి. ఇలాంటివి మూడు ఉంటే రెజ్యూమేలో ‘సినిమాలంటే ఆసక్తి’ అని రాయాల్సిన పనుండదు.

చేరే ముందు రెండు విషయాలు అడగండి. స్టైపెండ్ ఎంత, ఎప్పుడిస్తారు? ‘అనుభవం వస్తుందిగా’ అనే జవాబు వస్తే ఆలోచించుకోండి. రెండోది, డబ్బు తీసుకుని పెట్టే పోస్టుకు ‘పెయిడ్’ అని వేస్తారా, లేదా? ప్రకటనల ప్రమాణాల మండలి మార్గదర్శకాల ప్రకారం ఇన్‌ఫ్లుయెన్సర్లు ఆ సంగతి వెల్లడించాలి. మామూలు ప్రేక్షకుడిలా నటిస్తూ దొంగ రివ్యూలు రాయమని మొదటి వారమే మిమ్మల్ని అడిగితే, అక్కడ మీరు నేర్చుకునేది మార్కెటింగ్ కాదు.